చక్కెర తాగిన మెటడోర్

డీజిల్ ట్యాంకులో చక్కెర పడిన ఇంజన్ ఇక ఎన్నటికీ లేవదని బోధన్ చుట్టూ చెరుకు పండించిన ఊళ్లన్నిటా ఒక నమ్మకం. చక్కెర కరిగి పాకమవుతుందనీ, ఆ పాకం పిస్టన్ల చుట్టూ చేరి గట్టిపడి, పటికబెల్లం దారాన్ని పట్టుకున్నట్టు ఇనుమును పట్టుకుంటుందనీ చెబుతారు. చెప్పేవాళ్లలో అలాంటి ఇంజన్‌ను విప్పి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. విప్పి చూడాలంటే ఒక ఇంజన్ ఉండాలి, అందులో పోయడానికి చక్కెర ఉండాలి, రెంటినీ పాడుచేసుకునే తీరిక ఉండాలి. చెరుకు రైతుకు మొదటి రెండూ అప్పుడప్పుడూ ఉన్నాయి గాని మూడోది ఎన్నడూ లేదు. అందువల్ల ఆ నమ్మకానికి ఇన్నేళ్లుగా ఏ ఆపదా రాలేదు.

భీమవ్వ కూడా నమ్మింది. నమ్మింది కనుకనే, ముప్పై ఏళ్ల కిందట, వీధి వీధంతా వింటుండగా ఒట్టు పెట్టుకుంది: ఈ మెటడోర్ బండి మళ్లీ మోగిన రోజునే తోడికోడలు ఈరవ్వ గడప తొక్కుతానని, అంతవరకు ఆమెతో మాట్లాడనని, ఆ ఇంట మంచినీళ్లు కూడా ముట్టనని. జరగని పనిని షరతుగా పెట్టుకుంటే ఒట్టు నిలబెట్టుకోవడం సులువని ఆనాడు అనిపించింది. ఇవాళ నిజామాబాద్‌లో, బోధన్ రోడ్డు పక్కన మెకానిక్ మల్లికార్జున్ షెడ్డులో, ఆ మెటడోర్ నుంచే ఊడదీసిన పాత సీటు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, తన నమ్మకం తప్పని తేలితే బాగుండునని డెబ్బై దాటిన భీమవ్వ లోలోపల కోరుకుంటోంది. బండి కింద మల్లికార్జున్ కాళ్లు రెండే కనిపిస్తున్నాయి. ముందు సీట్ల మధ్య తెరిచి ఉన్న ఇంజన్ మీదికి వంగి, ఆమె తమ్ముడు రాజారాం, కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైనవాడు, టార్చి పట్టుకుని నిలబడ్డాడు. పైపుల్లో చేరిన గాలి అంతా బయటికి పోవాలి, దాని వెనక డీజిల్ ఇంజన్ దాకా రావాలి, అప్పుడు గాని తాళం తిప్పరు. అందాకా చేసే పనేమీ లేదు, చూడడం తప్ప.

చూస్తే బండి ముచ్చటగానే ఉంది. ముక్కు లేని ఆ చదును మొహం, గుండ్రటి రెండు దీపాలు, కింద సగం ఆకుపచ్చ, పైసగం మీగడ రంగు. తలుపు మడతల్లో ఎండ తగలని చోట పాత రంగు మిగిలి ఉంటే దాన్ని గోకి తీసి, కాగితంలో పొట్లం కట్టుకుని, రంగుల దుకాణాలన్నీ తిరిగి అదే రంగు కలిపించాడు తమ్ముడు. పెళ్లి చీరకు జాకెట్టు గుడ్డ వెతికే ఆడదానికి కూడా అంత ఓపిక ఉండదని ఆమె అనుకుంది గాని అనలేదు. కింది రేకు మొత్తం మార్చారు, చెక్క పలకలు మార్చారు, అయినా పక్క తలుపు జరిపినప్పుడల్లా దాని పట్టాలోంచి పసుపుపచ్చటి పొడి ఇంత రాలుతూనే ఉంది. నాలుగుసార్లు కడిగానని మల్లికార్జున్ ఒట్టేశాడు. రాలనీ అని భీమవ్వ అంది. అది ఏ ఏటి పసుపో. కొమ్ము ఉడకబెట్టి, ఎండబెట్టి, బస్తాలకెత్తి, తెల్లవారకముందే పసుపు బేరం జరిగే గంజ్‌కు బయల్దేరితే బస్తాల మీద తనూ ఈరవ్వా ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఎడపల్లి దాటేసరికి గాలికి లేచిన పొడి మొహాలకూ చేతులకూ పట్టి ఇద్దరూ నలుగు పెట్టించుకున్న పెళ్లికూతుళ్లలా తయారయ్యేవాళ్లు. "అక్కా, మనకు మల్ల లగ్గం జేస్తరేమో" అని ఈరవ్వ అంటే, డ్రైవర్ నర్సింలు నవ్వు ఆపుకోలేక బండి అటూ ఇటూ ఊపేవాడు. గంజ్‌లో బేరం కుదిరి తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ బండిలో గోనె సంచులు పరుచుకుని పడుకుంటే కింద రోడ్డు గతుకులన్నీ వీపుకు లెక్క చెప్పేవి. ఇది జానకంపేట, ఇది రైలుగేటు అని కళ్లు మూసుకుని పందెం వేసుకునేవాళ్లు. ఈరవ్వ ఎప్పుడూ గెలిచేది. మోసం చేసేది కాబోలు, ఒక కన్ను తెరిచి.

"అవ్వా, గట్ల గుడ్లు మిటకరించి సూస్తే ఇంజన్‌కు సిగ్గయితది. జర అటు మొగం తిప్పు" అన్నాడు బండి కింద నుంచి మల్లికార్జున్.

"సిగ్గు దానికెందుకు, నీకు గావాలె. దసరా సంది విప్పుతున్నవ్, పెడుతున్నవ్."

"విప్పింది నేనే, పెట్టింది నేనే. చక్కెర పోసింది నేను గాదు గద."

పోసింది ఈరవ్వేనని ఎవరు ముందన్నారో ఇప్పుడు గుర్తు లేదు. తనే అని ఉంటుంది. అన్నదమ్ములు భూములు పంచుకున్న ఏడాది అది. పొలం గట్లు పంచారు, ఎడ్లు పంచారు, ఇంటి మధ్య గోడ లేపారు, మెటడోర్‌ను మాత్రం పంచలేక వారం ఒకరిది వారం ఒకరిది అన్నారు. తన వారంలో పసుపు బస్తాలతో పోతుండగా బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎవరో మెకానిక్ వచ్చి ట్యాంకు అడుగు మర విప్పితే డీజిల్‌తో పాటు తెల్లటి గింజలు అరచేతిలో పడ్డాయి. నాలుక మీద వేసుకుని ఉమ్మి, చక్కెర అన్నాడు. అంతే, ఇక ఎవరూ ఏదీ విప్పలేదు; చచ్చినవాడికి నాడి చూస్తారా ఎవరైనా. ముందురోజు సందెవేళ చెంబు పట్టుకుని బండి పక్కన వంగి ఉన్న ఈరవ్వను తను కళ్లారా చూసింది. గుడ్డు కోసం వంగిన, నీ కోడి నా వారంల సుత బండి కిందనే పెడుతది అని ఈరవ్వ చెప్పింది, ఒకసారి, మామూలు గొంతుతో. తను నమ్మనందుకు రెండోసారి చెప్పలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, "పోసిన అనుకో. ఇగేం జేస్తవ్?" అంది. ఆ గడుసుతనం ఆమెది, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. సరిహద్దు అవతల మరాఠీ ఊరి పిల్ల, ఎవరికీ లొంగి మాట్లాడడం రాదు. దానికి బదులుగా తన నోట ఒట్టు వచ్చింది. ఆ తరువాత రెండిళ్ల మగవాళ్లు మాట్లాడుకున్నారు, పిల్లలు గోడ దూకి ఆడుకున్నారు, కాలం వచ్చి మగవాళ్లిద్దరూ పోయారు కూడా, ఒట్టు మాత్రం గోడలాగే నిలిచింది.

కాని గోడకు చెవులున్నాయి కదా, నోరూ ఉందని వాళ్లిద్దరూ కనిపెట్టారు. మొదట ఎవరు మొదలుపెట్టారో అదీ గుర్తు లేదు. భీమవ్వ చలిజ్వరంతో మూడుపూటలు మంచం దిగకపోతే గోడ అవతల ఈరవ్వ తన బర్రెతో గట్టిగా అంది: "ఎవలకన్న జరమొస్తే మిరియాలు గొట్టి కషాయం దాగాలె గని, గట్ల మూల్గుకుంట పండుకుంటె తక్వైతదానే?" బర్రెకు జ్వరమేమీ లేదు. భీమవ్వ లేచి కషాయం కాచుకుంది. మర్నాడు తన కోళ్లకు నూకలు చల్లుతూ, "మంచిగనే అయింది, ఇగ ఎవలు ఫికర్ జేసుడు గావద్దు" అని కోళ్లకు చెప్పింది. ఆ విధంగా ముప్పై ఏళ్లలో ఒక బర్రె తరువాత ఇంకో బర్రె, కోళ్లు ఎన్నో, అటు మాట ఇటు ఇటు మాట అటు మోశాయి. మనవరాలు పాసైందన్న సంగతి, ఈసారి పసుపుకు దుంపకుళ్లు వచ్చిందన్న సంగతి, అన్నం మాడిందన్న సంగతి. పశువుకు చెబితే ఒట్టు తప్పినట్టు కాదు. రాజారాం ఒకసారి విని, ఇది ఏ న్యాయశాస్త్రం ప్రకారమని అడిగాడు. ఊరి న్యాయం అని చెప్పింది.

ఆ బర్రెనే అమ్మేస్తోంది ఈరవ్వ. వారం కింద, సందెవేళ పాలు పిండుతూ, ఎప్పటికన్నా గట్టిగా, ఒక్కొక్క మాటే విడిచి విడిచి చెప్పింది: "నిన్ను అమ్ముతున్ననే. వచ్చే ఆదివారం బేరగాడు వస్తడు. నాకు మోకాళ్లు వంగుతలెవ్వు. బిడ్డ రోజా రమ్మంటున్నది ఏర్గట్లకు. ఇంటికి తాళమేసి పోత. ఈడ నాతోని మాట్లాడెటోల్లు ఎవలున్నరు?" పాలధార గిన్నెలో పడడం ఆగింది. గోడ ఇవతల భీమవ్వ కోళ్లు ఎక్కడా కనిపించలేదు, అప్పటికే గూటికి చేరాయి. చెప్పడానికి మాట ఉంది, మోయడానికి కోడి లేదు. లోపలికి పోయి తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ బండి ముచ్చట ఏమాయె తమ్మీ, జల్ది జేపియ్యి అంది. ఇవాళ శనివారం.

రోజా. ఆ పిల్ల పుట్టింది ఇదుగో, ఇక్కడే, ఈ మార్చిన రేకు ఉన్న చోటే, పాత రేకు మీద. వానాకాలం, సాటాపూర్ దాటి బోధన్ ఆస్పత్రికి పోతుంటే, నర్సింలు గేరు మార్చే లోపల ఈరవ్వ తన చెయ్యి ఎముక విరిగేటట్టు పట్టుకుని, "అక్కా, బండి ఆపమను, ఇగ ఇది ఆగది" అంది. బండి ఆగింది, బిడ్డ ఆగలేదు. రెండు పక్కలా మనిషెత్తు చెరుకు, మీద రేకు మీద వాన దరువు, నర్సింలు తల తడిసిపోతున్నా రోడ్డు మీదే నిలబడి వీపు తిప్పుకుని, బిడ్డ ఏడుపు వినగానే ఏం చేయాలో తోచక కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ కొట్టాడు, ఒకటే హారన్, పొలాల్లోని మనుషులు లారీ బోల్తా పడిందేమోనని పరుగెత్తుకొచ్చేదాకా. తను కొంగు చింపి బిడ్డను చుట్టింది. పిల్ల ఒళ్లంతా పసుపు. పురుడుకు పసుపు విడిగా పూయవలసిన పని లేకపోయింది. చేతుల్లో ఆ బరువు ఇప్పటికీ ఉంది. వేడి, జారుడు, కోపం నిండిన చిన్న పిడికిలి. బిడ్డను అంత చక్కగా పట్టుకున్న చేతులే అయిదారేళ్లకు వేలు చూపించి దొంగ అన్నాయి. చేతులకు జ్ఞాపకం ఉండదా? ఉంటుంది, నోటికే ఉండదు.

తమ్ముడు మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట. చక్కెర డీజిల్‌లో కరగదు అక్కా, నీళ్లలో కరుగుతుంది, చాయలో కరుగుతుంది, నూనెలో కరగదు, కరగనిది పాకం ఎలా అవుతుంది? ఆయన ఉద్యోగం ఎక్కడెక్కడో, వచ్చినప్పుడల్లా ఇదే చెప్పి పోయేవాడు, ఎవరూ చెవిన పెట్టేవాళ్లు కారు. రిటైరై వచ్చాక ఒకరోజు ఆమె వాకిట్లోనే స్టీలు గ్లాసులో డీజిల్ పోసి, రెండు చెంచాల చక్కెర వేసి, తెల్లారేదాకా అరుగు మీద పెట్టాడు. తెల్లారి చూస్తే గ్లాసు అడుగున చక్కెర పలుకు పలుకుగా, వేసింది వేసినట్టే ఉంది. పాఠం చెప్పినవాడి గర్వంతో, ఇప్పుడేమంటావని అడిగాడు. ఆ గ్లాసు మళ్లీ వంటింట్లోకి రాలేదు గనుక ఆమెకు ముందే కోపం. "గ్లాసుకు పిస్టన్లుంటయా?" అంది. ఇది న్యాయమైన ఆక్షేపణే అని రాజారాం ఒప్పుకున్నాడు. గ్లాసులో రుజువైంది ఇంజన్‌లో రుజువైనట్టు కాదు, దీనికి పరీక్ష ఒకటే. ఆ పరీక్ష కోసమే కొట్టం కింద కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న మెటడోర్‌ను ట్రాక్టరు వెనక కట్టి నిజామాబాద్‌కు లాక్కొచ్చాడు. ఒక ఎర్ర కోడి దిగనని మొండికేసి డ్రైవర్ సీటు మీద కూర్చుని సాటాపూర్ దాకా వచ్చింది.

పట్టుకుపోయిన పిస్టన్లకు నూనె తాగించి తాగించి వదిలించారు. లోపల పాకం లేదు, బెల్లం లేదు, కొంత తుప్పు ఉంది. అయినా మల్లికార్జున్ నమ్మకం సడలలేదు: ఇంజన్ శుభ్రంగా కనిపిస్తుంది సార్, లేవదు, నా తాత కాలం నుంచి వింటున్న అన్నాడు, చేతులతో మాత్రం పని ఆపకుండా. అతడు ముందు అద్దానికి నిమ్మకాయా మిరపకాయలూ కడతానంటే రాజారాం అభ్యంతరం చెప్పాడు. బండి లేస్తే అది ఇంజన్ వల్లనో నిమ్మకాయ వల్లనో తేలదు కదా, లేచాక కట్టుకో అన్నాడు. పైగా పరీక్ష లోపం లేకుండా ఉండాలంటే ట్యాంకులో దొరికిన చక్కెరను తిరిగి ట్యాంకులోనే వేసి మొదలుపెట్టాలని కూడా అన్నాడు. మల్లికార్జున్ చేతులు జోడించి, "సార్, గా పని జేస్తే ఈ షెడ్డు మీకే రాసిచ్చి నేను హరిద్వార్ పోత" అన్నాడు. అలా చక్కెర బయటే ఉంది. నిమ్మకాయ పానాల డబ్బా మీద కూర్చుని తన వంతు కోసం చూస్తోంది. తనకూ దానికీ తేడా లేదనిపించి భీమవ్వకు నవ్వొచ్చింది.

"నవ్వుతున్నవా? ఇది చూస్తే ఇంకా నవ్వుతవు" అంటూ రాజారాం వచ్చి ఆమె ఒళ్లో ఒక స్టీలు పళ్లెం పెట్టాడు. "నిన్న పొద్దుగూకంగ ట్యాంకు మొత్తం కోసి చూసి, మళ్ల వెల్డింగ్ జేసినం. ఇది అడుగున దొరికింది. ఇదేమో డీజిల్ పోయే పైపు మూతికి అడ్డంగ దొరికింది. బండిని ఆపింది చక్కెర కాదక్కా, ఇది."

పళ్లెంలో ఒక పక్క పలుచటి చాయ రంగుకు తిరిగిన చక్కెర గడ్డ, నిమ్మకాయంత. ఇంకో పక్క డీజిల్‌లో నాని నల్లబడిన ఏదో పీచు, పక్షి గూడులా చుట్టుకుని ఉంది. ఆమె దాన్ని వేళ్ల మధ్య నలిపింది. వేళ్లు ముందు గుర్తుపట్టాయి, ఆమె తరువాత. జనపనార. ఒక పోగుకు నీలి రంగు ఇంకా అంటుకుని ఉంది, బస్తా మీద అచ్చువేసే రంగు. చక్కెర బస్తా! బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు వేసిన రైతులకు చవకగా చక్కెర ఇచ్చేవాళ్లు. చక్కెర అయిపోయేది గాని బస్తా అయిపోయేది కాదు. పిల్లలకు బడిసంచి అదే, వాకిట్లో పట్టా అదే, వానకు నెత్తి మీద ముసుగులా వేసుకునే గొప్ప అదే, బర్రె మీద కప్పేది అదే. ఎంత దులిపినా కుట్లలో పలుకులు మిగిలేవి. చిన్నప్పుడు రోజా ఆ కుట్లను చప్పరిస్తూ తిరిగేది. డీజిల్ వడగట్టే గుడ్డా అదే. డబ్బాలో తెచ్చిన డీజిల్‌లో మట్టి ఉంటుందని నర్సింలు భయం. వడగట్టనిదే పోసేవాడు కాదు. నూలుగుడ్డ అయితే తొందరగా దిగదు, అందుకని చక్కెర బస్తా గుడ్డ, రెండు మడతలు. ఆ గుడ్డను ట్యాంకు మూతి మీద పట్టుకునేది ఎవరు? రెండు కొసలు తను, రెండు కొసలు ఈరవ్వ. "గట్టిగ పట్టుకో అక్కా, జారుతున్నది" అని ఈరవ్వ. "నువ్వు పట్టుకో, నాకు సెప్తవ్" అని తను. మధ్యలో నర్సింలు డబ్బా వంచడం, గుడ్డ లోంచి డీజిల్ దిగడం, దానితో పాటు కుట్లలోని పలుకులూ, పాతబడిన గుడ్డ పోగులూ, ఏళ్ల తరబడి, వారానికి ఇంత చొప్పున. మట్టి పోకుండా ఎంత జాగ్రత్త పడ్డారు, ఎంత శ్రద్ధగా బండికి చక్కెర తినిపించారు!

నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పొట్టలోంచి వచ్చి, భుజాలను ఊపి, పళ్లెంలోని గడ్డను దొర్లించి, కళ్లను తడిపింది. మల్లికార్జున్ బండి కింద నుంచి తల బయట పెట్టి చూశాడు.

"ఇద్దరం గల్సి పోసినం తమ్మీ" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "చెరొక దిక్కు పట్టుకొని మరీ పోసినం."

"ఇంకేం మరి? నేరమే లేనప్పుడు ఒట్టు ఎక్కడిది? కొట్టెయ్యి. బస్సెక్కిస్త, పోయి మాట్లాడు."

భీమవ్వ నవ్వు ఆపింది. "ఒట్టు నేరానికి పెట్టుకోలే. బండికి పెట్టుకున్న. బండి మోగాలె."

"మాట అనేది గాలిల కొన్ని చప్పుళ్లు, అంతే అక్కా."

"నీ సైన్సు నీది, నా మాట నాది. నువ్వు నిమ్మకాయ కట్టనిస్తలేవు గద, నేనేమన్న అన్ననా?"

రాజారాం వెనక్కి పోయి టార్చి పట్టుకున్నాడు. కాసేపటికి మల్లికార్జున్ డీజిల్ వస్తోందని కేకేసి, బయటికి వచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకుని, డ్రైవర్ సీటు ఎక్కాడు. హీటర్ మీట లాగాడు, వదిలాడు, తాళం తిప్పాడు. ఇంజన్ నిద్రలో పక్కకు దొర్లే మనిషిలా గుర్రుమంది, గుర్రుమంది, ఆగింది. మళ్లీ తిప్పాడు. పొగ కూడా రాలేదు. బోధన్ రోడ్డు మీద బస్సొకటి పోయింది. నేను చెప్పలేదా అన్నట్టు మల్లికార్జున్ రాజారాం వైపు చూశాడు. బ్యాటరీ బలహీనంగా ఉందేమోనని రాజారాం గొణిగాడు. భీమవ్వకు ఆదివారం కనిపించింది. బేరగాడు పలుపు విప్పుతున్నాడు, బర్రె వెనక్కి చూస్తోంది, తాళం పడుతోంది, గోడ అవతల ఇక దగ్గు లేదు, పాలధార లేదు, మాడిన అన్నం వాసన లేదు, తను కోళ్లకు చెబుతోంది, కోళ్లు వింటున్నాయి, కోళ్లే వింటున్నాయి.

ఎందుకు లేవదు? చలికాలంలో తెల్లవారుజామున నర్సింలు తిప్పితే లేచేది కదా. తిప్పేముందు నర్సింలు ఏం చేసేవాడు? ఏమీ చేసేవాడు కాదు, మీట లాగి పట్టుకుని ఆగేవాడు. ఎంతసేపు? వెనక చెరుకు నరికే మరాఠీ కూలీలు చలికి ఒకరినొకరు ఆనుకుని కూర్చుని, ఆపకుండా... అవును. లెక్కపెట్టేవాళ్లు.

సీటు మీద నుంచి లేచి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, బండి కిటికీ దగ్గరికి నడిచింది. "గప్పుడే తిప్పకు."

"హీటర్ అయ్యిందవ్వా."

"కాలే. ఇది నీ కొత్త బండి గాదు. లాగి పట్టు. నేను చెప్పినప్పుడు తిప్పు."

మల్లికార్జున్ రాజారాం వైపు చూశాడు. పాత ప్లగ్గులు, వేడెక్కడానికి టైం పడుతుంది, ఆవిడ చెప్పినట్టే పట్టు అన్నాడు రాజారాం. భీమవ్వ బండి రేకు మీద అరచెయ్యి ఆనించింది. ఏక్, అంది. దోన్. నోరు తిరుగుతుందో లేదో అనుకుంది గాని తిరిగింది. తీన్, చార్, అప్పుడు ఈరవ్వ వెనక తలుపు దగ్గర నిలబడి చేతులు పైకెత్తి లెక్క మొదలుపెట్టేది, కూలీలంతా అందుకునేవాళ్లు, పాచ్, సహా, కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఈరవ్వకు తెలుగు సరిగా రాదు, తనకు మరాఠీ రాదు, పొయ్యి దగ్గర కూర్చుని చెంచాలు చూపి, ఉల్లిగడ్డలు చూపి ఒకరికొకరు అంకెలు నేర్పుకున్నారు, సాత్, ఆఠ్, నౌ, రొట్టెల కింద నిప్పులా లోపల ఎక్కడో ఒక తీగ ఎర్రబడుతూ ఉంటుందని నర్సింలు చెప్పేవాడు, దహా, అక్రా, బారా, వాన, చెరుకు, హారన్, పసుపు పూసుకుని పుట్టిన పిల్ల, తేరా, చౌదా, గట్టిగ పట్టుకో అక్కా జారుతున్నది, పంధ్రా, పట్టుకున్ననే, సోళా, ఒక్కరోజూ విడవలేదు, గోడకు ఇవతల కొస నేను, అవతల కొస నువ్వు, సత్రా, అఠ్రా, ఇక్కడే ఎప్పుడూ తన నాలుక తడబడేది, ఈరవ్వ పగలబడి నవ్వేది, పందొమ్మిది దగ్గర పడిపోతవెందుకక్కా అనేది. ఏకోణీస్, అంది భీమవ్వ, తడబడకుండా. వీస్.

"తిప్పు."

ఇంజన్ గుర్రుమంది. ఒకసారి దగ్గింది. తెల్లటి పొగ, ఆ వెనక నల్లటి పొగ షెడ్డు నిండా పరుచుకుంది. తరువాత నాలుగు సిలిండర్లూ అందుకున్నాయి.

మల్లికార్జున్ నిమ్మకాయ కట్టాడు. బండి అతడే నడిపాడు. ఎడపల్లి, బోధన్ మీదుగా పోయి, పొద్దు ఉండగానే రెంజల్ పక్కన వాళ్ల ఊరు చేరింది. దారిలో ఎక్కడా ఆగలేదు.

ఈరవ్వ వాకిట్లో బర్రెకు కుడితి పెడుతోంది. మెటడోర్ ఆమె గుమ్మం ముందే ఆగింది. ఇంజన్ ఆపవద్దని భీమవ్వ మల్లికార్జున్‌కు చెప్పి దిగింది. ఈరవ్వ ఆమెను చూసింది, బండిని చూసింది, బర్రె వైపు తిరిగింది.

"సూసినవానే, ఎవలో వచ్చిండ్రు మనింటికి" అంది.

"బర్రెకు గాదు, నాకు చెప్పు" అంది భీమవ్వ.

గడప దాటింది. ఈరవ్వ ముందు మంచినీళ్లు ఇచ్చింది, తరువాత చాయ పెట్టింది. భీమవ్వ షెడ్డు నుంచి తెచ్చిన స్టీలు పళ్లెం ఇద్దరి మధ్య ఉంది. చాయలో చక్కెర ఎక్కువైంది. భీమవ్వ తాగింది.

మర్నాడు బేరగాడు వచ్చాడు. బర్రె అమ్మకానికి లేదని చెప్పి పంపించారు.